రాకాసి గుళ్లు చూసి రావడానికి ఒక రోజు: బండి ఎక్కడ నడపాలి, ఎక్కడ ఆపాలి

ముందే ఒక మాట చెప్పాలి. ఈ ప్రయాణంలో మీరు చేరేది శ్మశానానికి. ఊరికో తీరుగా రాకాసి గుళ్లు, పాండవుల గుళ్లు అంటారు గానీ వాటిని కట్టింది రాక్షసులూ కాదు, పాండవులూ కాదు. సుమారు 3000 ఏళ్ల కింద ఇదే నేల మీద పశువులు మేపుకుంటూ, ఇనుము కరిగిస్తూ, కుండలు కాల్చుకుంటూ బతికిన మనుషులు తమవాళ్లను పెట్టుకున్న సమాధులవి. పాలమూరు చెలకల్లో, గుట్టల మొదట్లో, కుంటల పక్కన ఇంకా మిగిలే ఉన్నాయి. తారు రోడ్డు మీది నుంచి కనిపించేవి తక్కువ. బండ్ల బాట పట్టి లోపలికి పోవాలి, అందుకే జీపు కావాలి. అయితే వాటికి ఇప్పుడున్న ముప్పుల్లో జీపు చక్రం కూడా ఒకటి. ఎక్కడ నడపకూడదో తెలుసుకున్నాకే ఎక్కడ నడపాలో తెలుసుకోవాలి. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

నేను చెప్పే దారి మహబూబ్‌నగర్ నుంచి దేవరకద్ర, మరికల్, మక్తల్, మాగనూరు మీదుగా నారాయణపేట జిల్లా కృష్ణ మండలంలోని ముడుమాల్ దాకా. మహబూబ్‌నగర్ నుంచి మక్తల్ సుమారు 60 కిలోమీటర్లు, మంచి హైవే. ఆ తర్వాతే అసలు పని.

ఎప్పుడు పోవాలి

డిసెంబర్ రెండో వారం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. మక్తల్ దాటాక చాలా చోట్ల నల్లరేగడి నేల. ఎండినప్పుడు అది సిమెంటు గచ్చులా ఉంటుంది. తడిస్తే మాత్రం టైరు గాట్లన్నీ మట్టితో నిండి, చక్రం నున్నటి గుండులా మారి ఉన్నచోటే తిరుగుతుంది. ఎంత ఖరీదైన ఫోర్ వీల్ డ్రైవ్ అయినా అంతే. వాన పడి 3 రోజులు దాటకుండా ఆ నేలలోకి దిగొద్దు. పైన పొర ఎండినట్టు కనిపిస్తుంది, కింద జిగట అలాగే ఉంటుంది. మడమతో గట్టిగా తొక్కి చూడండి. మడమ దిగబడితే బండీ దిగబడుతుంది.

చలికాలానికి ఇంకో కారణం ఉంది. వానాకాలంలో నడుం ఎత్తు గడ్డి పెరిగి, సమాధుల చుట్టూ పేర్చిన, భూమిలో సగం కూరుకుపోయిన రాళ్ల వలయాలు అసలు కనిపించవు. డిసెంబర్ కల్లా గడ్డి ఎండి కూలుతుంది. పైగా పొద్దున, సాయంత్రం ఏటవాలుగా పడే ఎండలో జానెడు ఎత్తు రాయికి కూడా బారెడు నీడ పడుతుంది. ఆ నీడలే మీకు వలయాన్ని చూపిస్తాయి. నడి మధ్యాహ్నం వచ్చినవాళ్లు పదడుగుల పక్కనే ఉన్న వలయాన్ని దాటుకుని పోవడం నేను కళ్లారా చూశాను. మార్చి నడిమికి వచ్చేసరికి ఎండ ముదురుతుంది. మార్చి 21 దగ్గర ముడుమాల్‌కు వెళ్లాలన్న ఆశ ఉంటే వెళ్లండి, దాని సంగతి కింద చెబుతాను. కానీ 11 గంటలకల్లా నీడ పట్టుకోండి.

బండి, సామాను

థార్, జిమ్నీ ఉంటే సరే. లేకపోయినా బొలెరో లాంటిది ఎండిన బాటలకు చాలు. నేలకు, బండి అడుగుకు మధ్య 180 మిల్లీమీటర్లకు తగ్గకుండా జాగా ఉండాలి, ఎందుకంటే ట్రాక్టర్లు తిరిగిన బాటలో నడుమ మట్టి గట్టులా లేచి ఉంటుంది. ఒంటరిగా మాత్రం పోవద్దు. రెండు బండ్లుంటే మేలు, ఒకే బండి అయితే కనీసం ఇద్దరు మనుషులు. ఎందుకంటే ఒకరు దిగి ముందు నడవాల్సిన చోట్లు చాలా వస్తాయి.

పెట్టుకోవాల్సినవి: స్టెప్నీలో గాలి సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి, ట్యూబ్‌లెస్ పంచర్ కిట్టు, గాలి కొట్టే చిన్న కంప్రెసర్, ప్రెషర్ గేజీ, జాకీ కింద పెట్టడానికి అడుగు వెడల్పు చెక్క పలక, లాగడానికి బెల్టు, మనిషికి 4 లీటర్ల నీళ్లు. చీలమండ దాటే బూట్లు తప్పనిసరి. రాళ్ల కుప్పల్లో పాములుంటాయి. ఈ ప్రాంతమంతా సర్కారు తుమ్మ కాబట్టి పంచర్ కిట్టు మరిచిపోతే రోజు మొత్తం పోయినట్టే. ఆ ముల్లు టైరులో దిగి లోపలే విరుగుతుంది, గాలి పొద్దుగూకేదాకా కొద్దికొద్దిగా పోతుంది.

తీసుకుపోకూడనివి ఇంకా ముఖ్యం. గడ్డపార వద్దు. మెటల్ డిటెక్టర్ అసలే వద్దు. రాకాసి గుళ్ల చుట్టూ గుప్తనిధుల కోసం రాత్రిళ్లు తవ్వేవాళ్ల బెడద ఈ జిల్లాల్లో ఏళ్లుగా ఉంది. బయటి ఊరి బండిలో గడ్డపార కనిపిస్తే ఊరివాళ్లు మిమ్మల్ని ఆ ముఠా అనుకుంటారు, అనుకోవడంలో తప్పేమీ లేదు. చక్రం ముందు మట్టి తీయడానికి పొట్టి పార ఒకటి చాలు. అది బండి దగ్గరి నుంచి కదలకూడదు.

సద్ది కట్టుకుని బయల్దేరండి. జొన్నరొట్టె, పల్లిపచ్చడి అయితే మధ్యాహ్నం దాకా పాడు కావు.

పొద్దున: ముడుమాల్

తెల్లవారుజామున 5 గంటలకు మహబూబ్‌నగర్ వదలండి. మక్తల్‌లో ట్యాంకు నింపుకోండి, లోపలికి పోయాక బంకులుండవన్న లెక్కతోనే ఉండాలి. మాగనూరు చేరాక ముడుమాల్ దారి ఎవరినడిగినా చెబుతారు. ఊరి దాకా మామూలు కారు కూడా పోతుంది. కష్టమైన దారులు తర్వాత వస్తాయి, ముందు ఇక్కడ కన్నుకు అలవాటు చేసుకోవాలి.

ముడుమాల్ దగ్గర కృష్ణ ఒడ్డున సుమారు 80 నిలువురాళ్లున్నాయి, 10 నుంచి 14 అడుగుల ఎత్తువి. వాటి చుట్టుపక్కల చిన్న రాళ్లు వేల సంఖ్యలో వరుసలుగా ఉన్నాయి. 2025లో ఈ చోటు యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కింది. ఊరివాళ్లు అంతకు ఎన్నో తరాల ముందే ఆ రాళ్లను నిలురాళ్ల తిమ్మప్ప అని మొక్కుతున్నారు. ఒక నిలువురాయి వాళ్లకు ఎల్లమ్మ. పసుపు కుంకుమలున్న రాయి దగ్గర చెప్పులు విడవండి, ఆనుకుని ఫొటో దిగకండి.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ కె.పి. రావు ఏళ్ల తరబడి ఈ రాళ్లను పరిశోధించారు. కొన్ని వరుసలు పగలు, రాత్రి సమానమయ్యే రోజుల్లో, అయనాంతాల్లో, అంటే పగలు అన్నిటికన్నా పొడవుగా, అన్నిటికన్నా పొట్టిగా ఉండే రోజుల్లో, సూర్యుడు పొడిచే చోటుకో, కుంకే చోటుకో ఎదురుగా వస్తాయని పరిశోధకులు చెబుతున్నారు. మార్చి 21 అని నేను అన్నది అందుకే. ఒక బండ మీద చిన్న చిన్న గిన్నెల్లా తొలిచిన గుంతలున్నాయి. అవి సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయని గుర్తించారు. ఆ బండ దగ్గర తొందరపడకండి. ఎండ ఇంకా కిందుగా ఉన్నప్పుడు పక్కన గొంతు కూర్చుని చూస్తే ఒక్కో గుంతలో సగం వెలుగు, సగం నీడ ఉంటుంది. ఒక్కసారిగా ఏడూ తేలి కనిపిస్తాయి. వేలు పెట్టి రుద్దకండి, నీళ్లు పోసి తడపకండి, చాక్‌పీసుతో గీయకండి.

బండి ఊరి దగ్గరే వదిలి నడిచి పోవాలి. ఇందులో బేరం లేదు. చిన్న రాళ్ల వరుసలు మోకాలి ఎత్తు కూడా ఉండవు. డ్రైవర్ సీట్లో కూర్చున్నవాడికి అవి ఉత్త రాళ్లలాగే కనిపిస్తాయి.

నది పక్కనే కదా అని నీళ్లలోకి దిగొద్దు. ఈ పొడవునా కృష్ణలో మొసళ్లున్నాయి.

అడగడం

ముడుమాల్ అందరికీ తెలుసు. మిగిలినవాటికి బోర్డులుండవు, ఫోను మ్యాపులో ఉండవు. మీకు దారి చూపేది గొర్ల కాపరులు, పొలంలో పనిచేసేవాళ్లు. బండి ఆపి, ఇంజను ఆర్పి, దిగి, నమస్కారం పెట్టి అడగండి. కిటికీ అద్దం దించి కూర్చున్నచోటి నుంచి అరిచి అడిగితే సరైన జవాబు రాదు. "తాతా, ఈ దిక్కు రాకాసి గుళ్లు ఏమన్నా ఉన్నయా?" అంటే చాలు. "సమాధులు" అంటే వాళ్లకు ఊరి బొందలగడ్డ తడుతుంది. "పురావస్తు" అంటే ఏమీ తట్టదు. కొందరు "గుండ్రంగ పేర్చిన రాళ్లా?" అని వాళ్లే చేయి తిప్పి చూపిస్తారు.

ఎందుకు వచ్చారని అడిగితే చూడటానికి వచ్చామని, ఏదీ ముట్టుకోమని ఉన్నదున్నట్టు చెప్పండి. ఎవరి చెలకలో ఉందో కనుక్కుని, ఆ రైతు ఒప్పుకున్నాకే గట్టు దాటండి. పంట నిలబడి ఉంటే అడగనూ వద్దు, బయటి నుంచే చూసి వెనక్కి తిరగండి.

దారి విడిచాక

తారు దిగగానే టైర్లలో గాలి తగ్గించండి. రోడ్డు మీద 32 పీఎస్ఐ ఉంటే 22కు దించితే చాలు. 18 కన్నా కిందికి పోతే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే కష్టమైన చోటు రాకముందే ఫోర్ హై (నాలుగు చక్రాలూ మామూలు వేగంతో లాగే గేరు)లో వేసుకోండి. ఇరుక్కున్నాక వేసుకుంటే అప్పటికే చక్రం గుంత తవ్వేసి ఉంటుంది. "ఫోర్ లో" గేరు (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగేది) అవసరమైతే బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్ చేసి మార్చాలి.

ఎప్పుడూ ఉన్న చక్రాల జాడలోనే నడపండి. బండ్ల బాట అంటే తరాలుగా ఎడ్లబండ్లు, ఇప్పుడు ట్రాక్టర్లు తొక్కి గట్టిపరిచిన నేల. దానికి అడుగు పక్కన ఏముందో ఎవరికీ తెలియదు. పాత బాయి ఉండవచ్చు. ఈ ప్రాంతంలో చుట్టుగోడ లేని పాడుబడ్డ బావులు తుమ్మ పొదల చాటున ఎన్నో. చదునైన చెలకలో ఒక్కచోట మాత్రం గుబురుగా చెట్లు పెరిగి ఉంటే దాని దరిదాపుకు బండి పోనీయకండి. కాలువ కట్టల మీద నడిపేటప్పుడు నీటి వైపు చక్రం అంచుకు పోకూడదు, అక్కడ మట్టి గుల్లగా ఉండి జారుతుంది.

వాగు వస్తే ముందు ఒకరు నడిచి దాటాలి. కింద ఇసుక ఉంటే ఆగకుండా, గేరు మార్చకుండా ఒకే వేగంతో పోవాలి. మోకాలి పైకి నీళ్లుంటే తిరిగి రండి.

రాళ్లతో నిండిన గరుకు నేల, వెనక గుట్ట, కింద కుంట. ఈ మూడూ ఒకచోట కనిపిస్తే వెంటనే బండి ఆపండి. సేద్యానికి పనికొచ్చే నేలను వదిలి, బండరాయి దగ్గరగా దొరికే ఇలాంటి చోట్లనే ఆ మనుషులు ఎక్కువగా ఎంచుకున్నారు. ఇక్కడి నుంచి అడుగు ముందుకు వేసేది కాలే గానీ చక్రం కాదు. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. మొదటిసారి వచ్చినప్పుడు, వెనక్కి తిప్పడానికి జాగా బాగుందని ఒక రాళ్ల నేల మీదికి బండి ఎక్కించి నిలిపాను. మేకలు మేపుతున్న ముసలాయన దగ్గరికొచ్చి, కర్రతో గాలిలో ఒక చుట్టు గీసి, "నడిమిట్ల నిలవెట్టినవు బిడ్డా" అన్నాడు. దిగి చూస్తే చుట్టూరా రాళ్లు, సగం దాకా భూమిలో. లెక్కపెడితే 23. ముందు చక్రం కింద ఒకటి పక్కకు ఒరిగి, దాని మొదట్లో తాజా మట్టి బయటపడి ఉంది. ఎన్ని వందల ఏళ్లు కదలకుండా ఉన్న రాయో. తిరిగి నిలబెట్టబోతే ఆయన వద్దన్నాడు. ఆ మాటే సరైనది, మనం సర్దితే ఇంకా చెడుతుంది.

ఏది సమాధి, ఏది కాదు

రైతులు చెలకలో ఏరి గట్టున పోసిన రాళ్ల కుప్పలు అన్నిచోట్లా ఉంటాయి. అవి సమాధులు కావు. చేతితో ఎత్తగలిగిన చిన్న రాళ్లు, మధ్య మధ్య మట్టి, ఆకారం లేకుండా పరుచుకుని ఉంటాయి. సమాధి కుప్పకు చుట్టూ పెద్ద గుండ్లతో కట్టిన హద్దు ఉంటుంది. ఆ చుట్టు 20 అడుగుల నుంచి 40 అడుగుల దాకా వెడల్పు. నడుమ రాళ్ల కుప్ప కొద్దిగా ఉబ్బి ఉంటుంది, లేదా కాలక్రమంలో కుంగి తాంబాళంలా అయి ఉంటుంది.

కొన్నింటిలో మూత బండ పైకి కనిపిస్తుంది. దాని కింద నాలుగు పక్కలా నిలబెట్టిన బండలతో పెట్టెలాంటి అర ఉంటుంది. కొన్ని పెట్టెల గోడ బండకు గుండ్రని కన్నం తొలిచి ఉంటుంది. ఇనుప పనిముట్లు చేతికొచ్చిన కొత్తలో, అంత మందం గ్రానైటు బండకు అంత నున్నటి కన్నం ఎన్ని రోజులు తొలిచి ఉంటారో! చనిపోయినవాళ్ల కోసం అంత శ్రమ పడ్డారు. చాలా చోట్ల శవాన్ని నేరుగా పెట్టలేదు. ముందు బయట ఉంచి, తర్వాత ఎముకలు ఏరి తెచ్చి లోపల పెట్టారు. పక్కన కుండలు, ఇనుప కత్తులు, బాణపు ములుకులు, కొడవళ్లు పెట్టారు. ఆ కుండలు పై భాగం, లోపల నలుపు, కింద ఎరుపు. బోర్లించి కాల్చడం వల్ల వచ్చిన రంగు అది. పెంకు దొరికితే చూసి, పడున్న చోటే వదిలేయండి. జేబులో వేసుకున్న పెంకు రాయిలాంటిదే, ఎక్కడిదో చెప్పలేదు. పడున్న చోట ఉంటేనే రేపు ఎవరైనా చదువుకోగలరు.

సమాధుల దగ్గర్లో నల్లగా, తేనెపట్టులా బొక్కలు పడి, ఆ సైజుకు మించిన బరువుతో ముద్దలు కనిపిస్తాయేమో చూడండి. అది ఇనుప చిట్టెం, ఇనుము కరిగించాక మిగిలిన మడ్డి. అది ఉంటే కొలిమి ఆ చుట్టుపక్కలే ఎక్కడో ఉండేదన్నమాట. ఈ సంబంధాన్ని నిజాం ప్రభుత్వంలో భూగర్భ సర్వే చేసిన కెప్టెన్ లియోనార్డ్ మన్ వందేళ్ల కిందటే పట్టించుకున్నాడు. హైదరాబాద్ రాజ్యంలో పాత గనులకు, ఈ రాతి సమాధులకు సంబంధం ఉందని రాశాడు. కృష్ణ దాటితే రాయచూరు జిల్లా, అక్కడి హట్టిలో బంగారు గని ఇప్పటికీ నడుస్తోంది. ఆ బంగారు గనుల ప్రాంతంలో పాతకాలపువాళ్లు రాయిని కట్టెలతో కాల్చి, నీళ్లు చల్లి పగలగొట్టుకుంటూ వందల అడుగుల లోతుకు దిగారు. హట్టిని ఇదే రోజులో కలపాలని చూడకండి, దానికి వేరే రోజు కావాలి.

నల్లగొండ వైపు వాళ్లకు ఇంకో మాట. నాగార్జునసాగర్ నిండకముందు ఏలేశ్వరంలో జరిగిన తవ్వకాల్లో ఇలాంటి సమాధులే బయటపడ్డాయి. ఇప్పుడు ఆ చోటు నీళ్ల కింద ఉంది. భువనగిరి దగ్గరి రాయగిరిలో హంట్ అనే అధికారి 20వ శతాబ్దం మొదట్లోనే తవ్వి చూశాడు. అమ్రాబాద్ నల్లమలలోకి మాత్రం సమాధుల కోసమని బండి దారి తప్పించకండి. అది పులుల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా రోడ్డు దిగడం నేరం.

దిగబడితే

యాక్సిలరేటర్ మీంచి కాలు తీయండి. అందరూ చేసే తప్పు ఇంకా తొక్కడం. రెండు సార్లు కదలకపోతే ఆ తర్వాత ప్రతి తొక్కుడూ బండిని లోతుకు దింపుతుంది. దిగి, చక్రం ముందు, వెనక మట్టి తీసి, గాలి ఇంకో 2 పాయింట్లు తగ్గించి, చక్రం కింద బండిలో కాళ్ల కింద పరిచే పట్టాలో, ఎండిన కంది కట్టెలో వేసి, వచ్చిన జాడలోనే వెనక్కి రండి. చుట్టుపక్కల రాళ్లు ఎంత అనువుగా కనిపించినా ఒక్కటి కూడా తెచ్చి చక్రం కింద వేయొద్దు. ఏ రాయి దేనిదో మనకు తెలియదు. బెల్టు కట్టడానికి నిలువురాయిని ఆధారం చేసుకోవడం గురించి నేను చెప్పాల్సిన పని ఉండకూడదు, కానీ ఒకచోట రాతి నడుం మీద తీగతాడు ఒరుసుకున్న తాజా గీత చూశాను కాబట్టి చెబుతున్నాను.

అప్పటికీ రాకపోతే ట్రాక్టర్ ఉన్న రైతు దగ్గరికి నడిచి పోండి. డీజిలు ఖర్చు, దానితో పాటు ఆయన పోగొట్టుకున్న సమయానికి తగ్గట్టు మీరే ముందుగా ఇవ్వండి. చాలామంది అడగరు.

తవ్విన గుంత కనిపిస్తే

వలయం నడుమ తాజాగా తవ్విన గుంత, పక్కన నిమ్మకాయలు, కుంకుమ, కొబ్బరి చిప్పలు కనిపిస్తే లోపలికి దిగకండి, ఏదీ కదపకండి. దూరం నుంచి ఫొటోలు తీసి, చోటు గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి వచ్చేశాక 112కు ఫోను చేయండి. మండల తహసీల్దారుకు కూడా రాసివ్వండి. భూమిలో దొరికిన పాత వస్తువును దాచుకోవడం 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం కిందే నేరం. తెలంగాణకు 2017లో వారసత్వ సంపద చట్టం కూడా వచ్చింది. అయితే ఆ గుంతల్లో వాళ్లకు దొరికేది బంగారం కాదు. పగిలిన కుండలు, తుప్పు పట్టిన ఇనుము, ఎముకలు. బంగారం దొరక్క కోపంతో మూత బండను పగలగొట్టి పోతారు. అలా రెండు ముక్కలైన బండ పక్కన నిలబడ్డ రోజు నాకు అన్నం సయించలేదు.

కొత్తగా చూసిన సమాధుల చోటును ఫోను మ్యాపు పిన్నుతో సహా అందరికీ పంపకండి. ఫొటో పెట్టండి, ఊరి పేరు పెట్టకండి. లొకేషన్ రాష్ట్ర వారసత్వ శాఖకు పంపండి: ఎన్ని వలయాలు, ఎంత వెడల్పు, ఎవరి పొలం, రోడ్డు నుంచి ఎంత దూరం. కొలవడానికి టేపు లేకపోతే అడుగులతో కొలిచి, అడుగులని రాయండి. ఫొటోలో పక్కన మనిషినో, నీళ్ల సీసానో పెడితే సైజు తెలుస్తుంది.

తిరుగు దారి

సాయంత్రం 5 గంటల దాకా ఏటవాలు ఎండ ఉంటుంది, పొద్దున తప్పిపోయిన రాళ్లు అప్పుడు కనిపిస్తాయి. కానీ చీకటి పడకముందే తారు ఎక్కాలి. బండ్ల బాటలో చీకట్లో నడపడం బావుల వల్ల ప్రమాదం, పైగా రాత్రి పూట రాకాసి గుళ్ల దగ్గర బండి లైటు కనిపిస్తే ఊరంతా లేస్తుంది. హైవే ఎక్కే ముందు ఆగి టైర్లలో గాలి తిరిగి 32కు నింపండి. తక్కువ గాలితో 80 వేగంలో పోతే టైరు వేడెక్కి పగులుతుంది. టైర్ల లోపలి వైపు పట్టుకున్న నల్లమట్టి ముద్దలు కర్రతో గీకేయండి, లేకపోతే స్టీరింగు వణుకుతుంది. నాలుగు టైర్లకూ తుమ్మ ముళ్లు చూసుకోండి. దిగిన ముల్లును అక్కడే లాగకండి, పంచర్ షాపు దాకా అలాగే రానివ్వండి.